సర్వర్ డౌన్

గుంటూరు ముందుకు పోవట్లేదని ఎవరైనా అంటే ఇక ఊరుకోను. మొన్న ఆదివారం పొద్దున్నే మా పెదనాన్నను బ్రాడీపేటలో కొత్తగా తెరిచిన టిఫిన్ హోటలుకు తీసుకెళ్లాను. అక్కడ ఉప్మా పెసరట్టు తినాలంటే ముందు పేరు, ఫోన్ నంబరు, పుట్టినరోజు చెప్పుకోవాలి. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలేదు.

పూర్వం అంతా అనాగరికం. కూర్చోగానే సర్వరు వచ్చి "ఇడ్లీ వడ పూరీ మైసూరుబజ్జీ ప్లెయిన్ దోసె మసాలా దోసె ఉప్మా పెసరట్టు" అంటూ ఒక్క గుక్కలో దండకం చదివేవాడు. అంతా విని మనం "ఇంకేమున్నాయ్?" అనేవాళ్లం. అతను మళ్లీ మొదట్నుంచీ అందుకునేవాడు. ఛార్జింగ్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. "అట్టు కాస్త ఎర్రగా కాల్పించవయ్యా" అంటే వంటింట్లోకి ఒక కేక వేసేవాడు. ఇదంతా ఎక్కడా రికార్డయ్యేది కాదు. దేశానికి ఎంత నష్టం!

ఇప్పుడా బెంగ లేదు. టేబులు మీద నలుపు తెలుపు గళ్ల స్టిక్కరు. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ ఇంజనీర్లు కార్ల విడిభాగాల లెక్క తప్పకుండా ఉండటానికి తయారుచేసిన క్యూఆర్ కోడ్ అది. కరోనా రోజుల్లో మెనూ కార్డు ముట్టుకోకూడదని హోటళ్లలోకి జొరబడింది. కరోనా పోయింది, ఇది టేబులుకు అతుక్కుపోయింది. అయినా హోటలాయన లెక్కలో మనమూ విడిభాగాలమేగా: తొమ్మిదో టేబులు, రెండు శాల్తీలు. గట్టి రకం కోడైతే సుమారు 30 శాతం చెరిగిపోయినా ఫోను చదివేస్తుందట. మాది అంతకు మించి సాంబారు తాగి ఉంది. పక్క టేబులు వాళ్ల ప్లేట్ల మధ్యకు చెయ్యి చాపి వాళ్ల కోడ్ స్కాన్ చేశాను.

ఓటీపీ కోసం నంబరు అడిగితే, నాది దాచుకుని పెదనాన్నది ఇచ్చాను. ఫోన్ నంబరు ఇమ్మని కొనేవాళ్లను బలవంతపెట్టొద్దని 2023లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వ్యాపారులకు చెప్పింది. ఇక్కడ బలవంతమేమీ లేదు. ఇవ్వకపోతే ఆకలితో కూర్చోవచ్చు, ఏసీ ఉచితం.

పెసరట్టు ఎంత వెతికినా దొరకలేదు. చివరికి 'గ్రీన్ గ్రామ్ క్రేప్' అనే మారుపేరుతో పట్టుబడింది. "మనం ఏ ఊళ్లో ఉన్నాంరా?" అన్నాడు పెదనాన్న. ఆ తర్వాత కారం ఎంత కావాలని ఫోను మూడు మిరపకాయల బొమ్మలు చూపించింది. మిర్చియార్డు ఉన్న ఊళ్లో ఇదొక ప్రశ్న! మూడూ నొక్కాను. స్కాన్ చేసింది పక్కవాళ్ల కోడ్ కనక అట్లు అక్కడికే వెళ్లాయి. వాళ్లూ అవే చెప్పారో ఏమో, మారు మాట్లాడకుండా తినేశారు. వాళ్ల అయిదేళ్ల పిల్ల కంట నీటిబొట్టు కూడా రాలేదు. దాన్నిబట్టి ఆ మిరపకాయలు బొమ్మలోనే ఉండిపోయాయని తేలింది.

బిల్లు మాత్రం నా ఫోనుకే వచ్చింది. అయిదు శాతం జీఎస్టీ సరే, కింద టిప్పు 30 రూపాయలు ముందే టిక్కు పెట్టి ఉంది. సర్వీస్ ఛార్జీని బిల్లులో తమంతట తామే కలపొద్దని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ హోటళ్లకు చెప్పింది. ఇది సర్వీస్ ఛార్జీ కాదు, టిప్పు. ఆర్డరు రాసింది నేను, బిల్లు తీసింది నేను, అట్లు ఏ టేబులుకు పోయాయో వెతికింది నేను. న్యాయంగా ఆ ముప్ఫై నాకే రావాలి.

మళ్లీ ఆర్డరు పెట్టబోతే 'సర్వర్ డౌన్' అని వచ్చింది. పెదనాన్నకు చూపించాను. ఆయన గోడవారగా నిలబడ్డ కుర్రాణ్ణి చూసి, "డౌనేందిరా, నిలబడే ఉన్నాడుగా! ఇటు రావయ్యా, రెండు ఉప్మా పెసరట్లు, ఎర్రగా. అల్లప్పచ్చడి దండిగా" అన్నాడు. పది నిమిషాల్లో వచ్చాయి. ఇలాంటి అక్రమ మార్గాలను యాజమాన్యం తక్షణం అరికట్టాలి.

అప్పట్నుంచి రోజూ పొద్దున ఏడింటికి పెదనాన్న ఫోనుకు మెసేజ్ వస్తోంది: 'మీరు రాక మాకు వెలితిగా ఉంది. ఆకలేస్తోందా?' అమెరికాలో ఉన్న మా అన్నయ్య వారానికోసారి ఫోన్ చేస్తాడు. హోటలు మెసేజ్‌లను బ్లాక్ చేసేస్తానంటే పెదనాన్న ఒప్పుకోలేదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని జవాబు చెబుతున్నాడు: "తిన్నాం నాయనా, ఇంట్లోనే. మీరు తిన్నారా?"