మహారాజశ్రీ గ్లూకోజు సీసా గారికి

మహారాజశ్రీ గ్లూకోజు సీసా గారి దివ్య సముఖమునకు,

ఆదోని పట్టణంలో తమ వీరాభిమానుల నడుమ ఒంటరిగా మిగిలిన ఓఆర్ఎస్ (నీళ్లలో కలిపి తాగే ఉప్పు, గ్లూకోజు పొడి) పాకెట్టు పార్టీ మనిషి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. తమరి కుశలానికి ఢోకా లేదు. మా వైపు మాత్రం తొలకరి పడి కొళాయి నీళ్ల రంగు మారిందంటే ఇంటికొకరు వాంతులు బేదులతో పడుకుంటారు కాబట్టి సగమే కుశలం అని దిద్దుకోగలరు.

తమరిది చిన్న వంశం కాదు. 1832లో కలరా ఊళ్లను ఊడ్చేస్తున్నప్పుడు స్కాట్లండ్‌లో థామస్ లాట్టా అనే వైద్యుడు, చావు అంచున ఉన్న రోగుల నరాల్లోకి ఉప్పునీళ్లు ఎక్కించి కొందరిని లేపి కూర్చోబెట్టాడు. బిడ్డ కళ్లు లోతుకు పోయి, మత్తుగా పడి, నోట్లో పోసిన చుక్క కూడా మింగలేకపోతే ఈరోజుకీ తమరే దిక్కు. ఈ మాట నేను వెటకారానికి అనడం లేదు. నా ఫిర్యాదంతా తమరు ఆసుపత్రి వార్డు దిగి వీధుల్లోకి వచ్చినప్పటి నుంచి జరిగిన దాని గురించే.

పత్తి మార్కెట్టు వైపు ఒక క్లినిక్కు ఉంది. ఒకటే గది, రెండు బల్లలు. గోడకు మేకు, మేకుకు దేవుడి క్యాలెండరు, దాని మీదే తమరు. బోర్డు మీద డాక్టరని ఉండదు గానీ ఊరంతా డాక్టరనే పిలిచే ఆర్ఎంపీ గారు ట్యూబును వేలితో రెండుసార్లు తట్టి, గాలి బుడగ పోగొట్టి, "అయిపోయేటప్పుడు పిలవండి" అని పక్క బల్ల దగ్గరికి పోతారు. పోయే ముందు చిన్న మందు సీసా పగలగొట్టి, సిరంజితో తమలో కలుపుతారు. బి విటమిన్ల మందు. దాంతో తమరు తెల్లగా ఉన్నవారు కాస్తా పసుపుపచ్చగా మారతారు. పచ్చ సీసా అంటే పవర్ ఎక్కువ, రేటూ ఎక్కువ. సాయంత్రానికి చుట్టాలు చీనీకాయలూ బ్రెడ్డు ప్యాకెట్టూ పట్టుకుని దిగుతారు. రోగం ఏమిటని అడగరు.

"ఎన్ని ఎక్కిచ్చినారు?"

"రెండు."

"రెండేనా? మా చిన్నోనికి నాలుగు పట్టినాయి."

రెండు సీసాల వాడు ఆ మాటకు చిన్నబోతాడు.

సత్తువ కోసమని కూలి డబ్బులు పెట్టి తమరిని ఎక్కించుకునే వాళ్లకు తమరి లోపలి లెక్క ఎవరూ చెప్పరు. ఐదు శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. సగం సంగటి ముద్ద తిన్నా అంతకంటే ఎక్కువ బలమే వస్తుంది. కానీ సంగటిని గోడకు వేలాడదీయలేం, చూడ్డానికి చుట్టాలూ రారు.

తమరికి ఇబ్బందికరమైన ఒక పాత సంగతి గుర్తుచేయాలి. 1971, బంగ్లాదేశ్ యుద్ధకాలం. సరిహద్దున బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా పడింది. జనం నేల మీద పడి ఉన్నారు, తమరి స్టాకు నిండుకుంది. కలకత్తా నుంచి వచ్చిన డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపించి, డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. శిబిరంలో సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. అందులో మాయ లేదు. చక్కెర తోడుంటే పేగు ఉప్పును లోపలికి లాక్కుంటుంది, ఉప్పు వెంట నీళ్లు పోతాయి. ఎన్ని బేదులవుతున్నా పేగు ఆ పని మానదు. 1978లో లాన్సెట్ వైద్య పత్రిక ఈ ఓఆర్ఎస్ వైద్యాన్ని ఇరవయ్యో శతాబ్దపు అత్యంత ముఖ్యమైన వైద్య పురోగతి కావచ్చని రాసింది. తమరు లేని చోట జనం అంతమంది బతికారన్న వార్త మా వీధికి ఇంకా చేరలేదు. ఆ డాక్టరు గారికి ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది 2023లో, ఆయన పోయిన కొన్ని నెలలకు. మనిషిని గుర్తుపట్టడానికే యాభై ఏళ్లు తీసుకున్న దేశంలో, ఆయన కలిపిన నీళ్లు ఆదోనికి రాలేదని తొందరపడటం నాదే తప్పేమో.

సర్కారు ఊరుకుందని కాదు. 2014 నుంచి ఏటా వానల ముందో వానల్లోనో అతిసార నియంత్రణ కార్యక్రమం నడుపుతోంది. బ్యానరు కడతారు, బల్ల మీద పాకెట్లు పేరుస్తారు, పెద్దవారు ఒక తల్లి చేతిలో పాకెట్టు పెడుతూ తల్లి వైపు కాకుండా కెమెరా వైపు చూస్తారు. ఆశా అమ్మ ఎండలో ఇల్లిల్లూ తిరిగి ఐదేళ్లలోపు పిల్లలున్న చోట పాకెట్టు ఇస్తుంది. పంచిన పాకెట్టుకు రూపాయి లెక్కన ఆమెకు ప్రోత్సాహకం. బిడ్డ తాగితే ఎంత అన్నది ఏ కాగితంలోనూ లేదు. అలా ఇంటికి చేరిన పాకెట్టు దేవుడి పటం వెనక కరెంటు బిల్లులతో పాటు భద్రంగా ఉంటుంది. ఎప్పుడైనా తీసినా లీటరు నీళ్లలో మొత్తం కలపాల్సినదాన్ని గ్లాసులో చిటికెడు వేసి, బిడ్డ ఉమ్మేస్తే అక్కడితో సరి. పైగా పాకెట్టు బేదుల్ని ఆపదు, పోయిన నీటిని పూడుస్తుంది, అంతే. ఆగలేదు కాబట్టి పనిచేయలేదని తీర్పు. ఓఆర్ఎస్‌తో పాటే ఇచ్చే జింకు మాత్రలదైతే ఇంకా జాలి కథ. రోజుకొకటి పద్నాలుగు రోజులు వేయాలి, మూడో రోజు బిడ్డ ఆడుకోవడం మొదలుపెట్టగానే అట్ట అటకెక్కుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద బేదులైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందినవారు 2015-16లో 50.6 శాతం, 2019-21లో 60.6 శాతం. జింకు అందింది 30.5 శాతానికి.

ఇక్కడ పెద్దలందరూ ఒకే మందు రాస్తారు: అవగాహన సదస్సు. డాక్టర్లకు తెలియదట, తెలియజెప్పాలట. తెలియకనా? మన సరిహద్దు దాటితే వచ్చే కర్ణాటకలోనూ, బీహార్‌లోనూ కలిపి 253 పట్టణాల్లో రెండు వేలకు పైగా వైద్యుల దగ్గరికి, రెండేళ్ల బిడ్డకు బేదులంటూ బిడ్డ తరఫు వాళ్లలా నటించే తర్ఫీదు పొందిన మనుషుల్ని పరిశోధకులు పంపి చూశారు. ఫలితాలు 2024లో సైన్స్ పత్రికలో వచ్చాయి. ఓఆర్ఎస్ మంచిదని వైద్యుల్లో చాలామందికి తెలుసు. తెలిసీ రాయకపోవడానికి కారణాల్లో స్టాకు లేకపోవడం, మందులమ్మి సంపాదించాలన్న ఆశ, ఈ రెండిటికీ దక్కిన వాటా చాలా చిన్నది. అన్నిటికంటే పెద్ద కారణం, సుమారు 42 శాతం, "రోగి వాళ్లకు ఓఆర్ఎస్ ఇష్టముండదు" అన్న వైద్యుడి ఊహ. ఫోనులో పాకెట్టు ఫొటో చూపించి పోయినసారి ఇది వాడామని అన్నవాళ్లకు ఓఆర్ఎస్ రాయడం 27 శాతం పాయింట్లు పెరిగింది.

చదివినప్పుడు నేను నమ్మలేదు. ఆర్ఎంపీలది డబ్బు యావ అన్న నా సిద్ధాంతానికి అది గొడ్డలిపెట్టు. తర్వాత మా పెద్దమ్మ మనవరాలికి బేదులైతే, తల్లితో పాటు ఆ ఒకగది క్లినిక్కుకు పోయాను. పిల్ల కళ్లు తేటగా ఉన్నాయి, బిస్కెట్టు కోసం పేచీ పెడుతోంది. తమరిని మేకుకు తగిలించబోతుండగా అడిగాను.

"సార్, బిడ్డకు ఓఆర్ఎస్ చాల్దా?"

"చాలు. ఎందుకు చాల్దు?"

"మరి ఇదెందుకు?"

"పాకెట్టు రాసిచ్చి పంపితే ఊరుకుంటారా మీరు? ఈయప్పకు ఏమీ రాదని పక్క వీధికి పోతారు."

నేను పిల్ల తల్లి వైపు చూశాను. ఆమె కొంగు సర్దుకుని, "మేమేం అడగల్యా సార్. మీరెట్ల చెప్తే అట్ల. గ్లూకోజు లేకపోతే నాకూ రేపు కూలికి పోను అయితాది" అంది.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తమరు మాత్రం ఆయన చేతిలోనే ఉన్నారు. వీళ్లు అడుగుతారేమోనని ఆయన పెడుతున్నారు, ఆయన పెట్టారు కాబట్టి అవసరమేమోనని వీళ్లు అనుకుంటున్నారు. ఈ మొహమాటం మీద తమరి సామ్రాజ్యం ఇన్నేళ్లు నడిచింది. దీనికి సదస్సు పెడితే భోజనాలు బాగుంటాయి, అంతకు మించి ఒరిగేదేమీ ఉండదు.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ వేరే లెక్క వేసింది. 1980 నుంచి పదేళ్లపాటు కోటికి పైగా ఇళ్లకు మనుషుల్ని పంపి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం కలపడం తల్లుల చేతే చేయించి నేర్పింది. తర్వాత వేరేవాళ్లు వెళ్లి కొందరు తల్లుల్ని పరీక్షించేవారు. తల్లికి ఎంత గుర్తుంటే కార్యకర్తకు అంత జీతం. మా ఆశా అమ్మ రూపాయిని కూడా అలా తల్లి జ్ఞాపకానికి ముడిపెట్టి, రూపాయిని పదో ఇరవయ్యో చేస్తే తమరి గిరాకీ ఏమవుతుందో చూడాలని ఉంది. ఆ ఫైలు ఎక్కడైనా మొదలైతే తమరికి ముందుగా కబురందుతుందని నా నమ్మకం. అన్ని ఆఫీసుల్లోనూ తమరిని ఎక్కించుకున్న వాళ్లే ఉన్నారు.

ఇట్లు,
పాకెట్టు పార్టీ, ఆదోని శాఖ (సభ్యులు: ప్రస్తుతానికి నేను, మా పెద్దమ్మ కోడలు)

తా.క.: ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని మెడికల్ షాపుల్లో డబ్బాల్లో దొరికే తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడారు. అసలు ఓఆర్ఎస్ లీటరులో 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, ఆ డబ్బాల్లో చక్కెర అంతకు చాలా రెట్లు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. కాబట్టి మా పార్టీ పేరు చెప్పుకుని ఆ డబ్బాలు ఎవరైనా తమరి దగ్గరికి చందాకు వస్తే మాకు సంబంధం లేదు. వాళ్లను తమరి పార్టీలోనే చేర్చుకోండి, తీపి సరిపోతుంది.