నాటు కోడికి రోగం రాదన్న మాట ఇక ఆపండి

మా పిన్ని పోయిన నెల ఫోన్ చేసి ఏడ్చింది. నాలుగు రోజుల్లో 14 కోళ్లు పోయాయి. పచ్చగా పారుకోవడం, మెడ మెలి తిరిగిపోవడం, రెక్కలు జారేయడం... అచ్చం కొక్కెర తెగులే. టీకా వేయించావా పిన్నీ అంటే, "నాటు కోళ్లకి టీకా ఏంట్రా, వాటికి రోగాలు రావంటగా" అంది.

ఆ "అంటగా" మీదే నా కోపమంతా. నాటు కోడికి తట్టుకునే గుణం లేదనడం లేదు. కానీ అది అన్ని రోగాలకీ పనికొచ్చే తాయెత్తు కాదు. ఒక రోగాన్ని తట్టుకున్న కోడే ఇంకో రోగానికి పడిపోతుంది.

కోడి 16వ క్రోమోజోమ్ మీద బి లోకస్ అని ఒక జన్యువుల గుంపు ఉంది. మొదట్లో దాన్ని రక్తం గ్రూపుగా కనిపెట్టారు. కణంలో దూరిన వైరస్ ముక్కల్ని పైకి తెచ్చి, కాపలా కణాలకి చూపించడం అందులోని కొన్ని జన్యువుల పని. ఇలా చూపించడానికి మనిషికి ముఖ్యమైనవి మూడున్నాయి. కోడికి గట్టిగా పనిచేసేది దాదాపు ఒక్కటే! ఆ ఒక్కటీ వైరస్ ముక్కని పట్టుకోలేకపోతే కాపలా కణాలకి కబురే అందదు. ఈ బి లోకస్‌లో రకాలున్నాయి. బి21 రకం ఉన్న కోళ్లు మారెక్స్ అనే వైరస్ జబ్బుని బాగా తట్టుకుంటాయి, అది రకరకాల ముక్కల్ని పట్టగలగడమే కారణం కావచ్చంటారు. బి19 ఉన్నవాటికి అదే జబ్బు తగిలితే కాళ్లు పడిపోతాయి, లోపల గడ్డలు లేస్తాయి. షెడ్డు ఒకటే, మేతా ఒకటే.

బర్డ్ ఫ్లూ సంగతి ఇంకా ఘోరం. ఆ వైరస్ లోపలికి రాగానే పసిగట్టే రిగ్-ఐ అనే జన్యువు బాతుకి ఉంది, అందుకే చాలాసార్లు వైరస్‌ని మోస్తూ కూడా బాతు తిరుగుతూనే ఉంటుంది. కోడి జాతిలో ఆ జన్యువే లేదు. ఫారం కోడికీ లేదు, మీ పెరట్లో కోడికీ లేదు. అలాంటప్పుడు "నాటుది కదా, ఏం కాదు" అని ఊళ్లో నమ్మించడం తప్పు కాదా?

నాటు కోడికి ఆ కాస్త బలమైనా ఎలా వచ్చిందో చూడండి. తట్టుకోలేనివి చచ్చాయి, మిగిలినవి పిల్లల్ని పెట్టాయి. ఆ వడపోతలో ప్రతిసారీ పోయేది గుడ్లమ్ముకుని పిల్లల ఫీజు కట్టే ఆడమనిషి డబ్బులే. పైగా చాలా ఊళ్లలో ఒకే పుంజుని ఏళ్ల తరబడి దాని కూతుళ్ల మీదకే వదులుతున్నారు. అలా చేస్తే రకాలు తగ్గిపోతాయి, తట్టుకునే అవకాశమూ తగ్గుతుంది. ఏడాదికో రెండేళ్లకో పుంజుని మార్చండి, బయట ఊరి నుంచి తెచ్చుకోండి.

కొక్కెర తెగులు టీకా పెద్ద ఖర్చేం కాదు. వారం లోపు పిల్లలకి కంట్లో చుక్క, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య సూది. చిక్కల్లా సీసాతోనే. వంద డోసులుంటాయి, కలిపాక ఒకటి రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇంటికి వంద డోసులెందుకు? అందుకే ఎవరూ కొనరు. చిన్న సీసాలు ఊళ్లకి చేరాలని గట్టిగా అడగాల్సింది పోయి, నాటు కోళ్ల బలం గురించి వీడియోలు చేసుకుంటున్నాం.

పిన్నికి రెండు పెట్టలు మిగిలాయి. గూడంతా కడిగి సున్నం కొట్టింది. కొన్నాళ్లు ఆగి పొదగేస్తానంది. పిల్లలు దిగాక చెప్పు, ఐసు ఫ్లాస్కులో సీసా నేనే తెస్తానన్నాను. పక్క నాలుగిళ్ల వాళ్లనీ అదే వారం పొదగేసుకోమని చెప్పమన్నాను.