"అందరూ దొంగలే" అనేవాళ్ళకి ఇటాలియన్‌లో ఒక మాటుంది

ఎన్నికల ఊసెత్తితే చాలు, "ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి" అనేసి లేచిపోయేవాళ్ళు ఇంటికొకరైనా ఉంటారు. మా ఇంట్లో ఆ ఒకరు నేనే. ఈ ధోరణిని ఇటాలియన్లు ఒక్క విశేషణంతో తేల్చేస్తారు: క్వాలుంక్విస్తా. ఆడైనా మగైనా ఏకవచనంలో అదే రూపం. మనిషినీ అంటారు, మనిషి మాటలనీ అంటారు. మెచ్చుకోలుగా మాత్రం ఎవరూ అనరు.

క్వాలుంక్వే అంటే "ఏదైనా, ఎవరైనా". 1944 డిసెంబరులో రోమ్‌లో గుల్యెల్మో జన్నీని అనే నాటకకర్త "లువోమో క్వాలుంక్వే" అని వారపత్రిక పెట్టాడు. ఎవరో ఒక మామూలు మనిషి అన్నమాట. మరలో పడి నలిగిపోతున్న మనిషి బొమ్మ దాని గుర్తు. ఫాసిస్టులైనా, వాళ్ళని దించినవాళ్ళైనా మా నెత్తినెక్కేవాళ్ళే, మమ్మల్ని వదిలేయండి బాబూ అన్నది దాని గోల. 1946 రాజ్యాంగ సభ ఎన్నికల్లో ఆయన పార్టీకి 30 సీట్లొచ్చాయి. కొన్నాళ్ళకే పార్టీ పోయింది, తిట్టు మిగిలింది.

మొదట్లో ఈ మాటంటే నాకు ఒళ్ళు మండేది. న్యాయంగా అడిగేవాడి నోరు మూయించడానికి పెద్ద పార్టీలకి భలే పనికొస్తుంది కదా! ఆ అనుమానం ఇప్పటికీ పోలేదు.

కానీ 1992 సంగతి చదివాక కాస్త తగ్గాను. మిలాన్‌లో ఒక వృద్ధాశ్రమం పెద్దగా ఉన్న మారియో కియేజా, సోషలిస్టు పార్టీ మనిషి, 70 లక్షల లీరాల లంచంతో దొరికిపోయాడు. ఇదొక్క మోసగాడి పని అన్నట్టు మాట్లాడాడు పార్టీ నాయకుడు బెత్తీనో క్రాక్సీ. తీగ లాగితే డొంకంతా కదిలింది. జులైకల్లా అదే క్రాక్సీ పార్లమెంటులో నిలబడి, పార్టీల నిధుల్లో చాలా భాగం అక్రమమేననీ, కాదని ప్రమాణం చేయగల నాయకుడెవరూ ఈ సభలో ఉండడనీ అన్నాడు. ఒక్కరూ లేవలేదు.

నేను కాఫీ తాగుతూ విసుగ్గా అనే మాటే ఆయన్ని కాపాడే డాలైంది! దర్యాప్తు చేసినవాళ్ళు కూడా "అందరూ అంతే" అనుకుని ఊరుకుంటే కేసే లేదు. ఎవరు, ఎంత, ఎవరి చేతికి అని అడగబట్టే ముందుకెళ్ళింది.

ఇంతకీ దీన్ని తెలుగులో ఏమనాలి? "ఉదాసీనుడు" కుదరదు, ఉదాసీనుడు నోరు మూసుకుంటాడు. వీడు పొద్దస్తమానం తిడుతూనే ఉంటాడు. మా ఆవిడ నన్ను చూపించి ఒక మాట సూచించింది గానీ, అది ఇక్కడ రాయలేను. మీకేదైనా తడితే చెప్పండి.