డబ్బా అని తీసిపారేస్తే ఎలా?

కంప్యూటర్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని అందరూ అడుగుతారు. కేబినెట్ ఊసెత్తేవాళ్లు తక్కువ. ఆ మెషిన్ నాలుగేళ్లకే మూలన పడుతుందా, పదేళ్లు పనికొస్తుందా అన్నది చాలావరకు తేల్చేది ఆ రేకు డబ్బాయే.

ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ మార్చడమే చూడండి. పెద్ద కూలర్లకు చాలావరకు మదర్‌బోర్డు (ప్రాసెసర్, మిగతా భాగాలు కూర్చునే ప్రధాన బోర్డు) వెనక ఒక పలక బిగించాలి. బోర్డును మోసే రేకులో సరిగ్గా ప్రాసెసర్ వెనక పెద్ద రంధ్రం ఉంటే పని ఇట్టే అయిపోతుంది. లేకపోతే వైర్లన్నీ పీకాలి, గ్రాఫిక్స్ కార్డు తీయాలి, మరలు విప్పి బోర్డంతా బయటికి లాగాలి. తిరిగి బిగించేటప్పుడు పవర్ బటన్ పిన్నులు ఎక్కడ గుచ్చాలో వెతుక్కోవాలి. ఏ పిన్ను వంగుతుందోనని టెన్షన్ వేరే. ఒక్క రంధ్రం కొట్టకపోవడం వల్ల ఇంత! దుమ్మును ఆపే, బయటికి లాగి దులుపుకునే జాలీ లేకపోయినా ఇదే కథ. దుమ్మంతా హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మ) రెక్కల్లో పేరుకుంటుంది.

చిన్నగా, ముచ్చటగా ఉండాలంటే ఇవన్నీ కుదరవంటారు. అన్ని పక్కలా తెరుచుకునే చిన్న కేబినెట్లూ ఉన్నాయి, కాబట్టి ఆ సాకు చెల్లదు. 2013లో గుండ్రటి మ్యాక్ ప్రో కంప్యూటర్ తెచ్చిన యాపిల్, వేడి విషయంలో ఆ డిజైన్ తమను ఇరకాటంలో పెట్టిందని 2017లో తనే ఒప్పుకుంది. 2019లో తొడుగు పైకెత్తితే లోపలంతా చేతికందే టవర్‌కు తిరిగొచ్చింది.

నా అసలు బాధ వేరు. ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ అనే పేరుతో మదర్‌బోర్డులకు ప్రామాణిక కొలతలు ప్రకటించింది. బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు, మరల చోట్లు ఖరారు. అందుకే ఇరవై ఏళ్ల నాటి కేబినెట్‌లోనూ ఇవాళ్టి ఏటీఎక్స్ బోర్డు కూర్చుంటుంది. కానీ చాలా రెడీమేడ్ డెస్క్‌టాప్‌లలో ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఆకారం వేరు, కనెక్టర్ వేరు, బోర్డు వేరు. ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే మామూలుది పట్టదు. కంపెనీ ఆ భాగం అమ్మడం మానేస్తే, మిగతావన్నీ బాగున్నా మెషిన్ చెత్తకుప్పకే.

డబ్బులిచ్చి కొన్నది మనదా, కంపెనీదా? యూరోపియన్ యూనియన్ 2024లో మరమ్మతు హక్కు చట్టం తెచ్చింది. దాని జాబితాలో వాషింగ్ మెషిన్లు, ఫోన్లు, సర్వర్లు కూడా ఉన్నాయి. డెస్క్‌టాప్‌లు లేవు. విప్పి బాగుచేసుకోవడానికే పుట్టిన యంత్రాన్ని వదిలేయడం అన్యాయం. వాటినీ చేర్చాలి. ఈలోగా మామూలు ఎస్‌ఎంపీఎస్, మామూలు బోర్డు పడతాయో లేదో ప్రతి కంపెనీ అట్టపెట్టె మీదే అచ్చు వేయాలి, ప్రాసెసర్ పేరు వేసినంత పెద్ద అక్షరాల్లో.