ఇల్లు పూర్తయ్యేదాకా మొక్కలు ఆపకండి

మా ఇంటి రిపేర్లు మొదలై ఏడాది దాటింది. వంటగది గోడలకి ఇంకా రంగు పడలేదు, వెనక గదికి తలుపు లేదు. డబ్బు చేతికొచ్చినప్పుడు పని నడుస్తుంది, లేనప్పుడు ఆగిపోతుంది. దానికి నేను అలవాటు పడ్డాను. అలవాటు పడలేనిది ఒక్క మాటకే: "ముందు ఇల్లు కానియ్, మొక్కల సంగతి తర్వాత చూసుకోవచ్చు." చూడ్డానికి వచ్చిన దాదాపు ప్రతి ఒక్కరూ ఈ మాటే అన్నారు.

ఇది తప్పుడు సలహా. టైల్స్ ఇవాళ వేయించినా రెండేళ్ల తర్వాత వేయించినా కొన్ని రోజుల పనే. మొక్క అలా కాదు. అంటు మామిడి సరిగ్గా కాపుకి రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, టెంక నుంచి మొలిచిందయితే ఇంకా ఎక్కువ. జామకీ దానిమ్మకీ కూడా రెండు మూడేళ్లు కావాలి. ఇంటి పని ఎంత సాగితే కాపు అంత వెనక్కి పోతుంది. మెల్లగా నడిచే పని ఉన్నవాళ్లే అందరికంటే ముందు మొక్కలు పెట్టుకోవాలి.

"మేమేం చేయగలం?" అని నా స్నేహితులు చాలాసార్లు అడిగారు. వైరింగ్ వాళ్లకి తెలియదు, తాపీ పని రాదు. గొయ్యి తవ్వడం మాత్రం ఎవరైనా చేయగలరు. ఒక ఆదివారం పొద్దున్నే నలుగురు వచ్చారు, గునపాలూ పారలూ వాళ్లే తెచ్చుకున్నారు.

మామిడికి నేను గుర్తు పెట్టిన చోట రెండు పారలు మట్టి తీయగానే, పొలం పని తెలిసిన స్నేహితుడు కింద కూర్చుని ఒక గడ్డని చేత్తో చిదిమాడు. బూడిద రంగు పొడి, మధ్యలో ఇసుక. "ఇక్కడొద్దురా, ఇది మాలు కలిపిన చోటు" అన్నాడు. నిజమే, మేస్త్రి నెలల తరబడి అక్కడే సిమెంటు కలిపాడు. సిమెంటులో సున్నం ఉంటుంది, అది మట్టిలో క్షారగుణం పెంచుతుంది. అలాంటి నేలలో ఇనుము ఉన్నా వేళ్లు సరిగ్గా తీసుకోలేవు. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అప్పుడు ఎరువు లేదేమో అని మనం ఇంకా ఎరువు వేస్తాం. ఆ ఒక్క మాట నా చెట్టుని కాపాడింది. గొయ్యి గోడకి దూరంగా, పని జరగని మూలకి మార్చాం.

జామకి అనుకున్న చోటేమో ఇసుక లారీలు ఆగి ఆగి నేల బండలా గట్టిపడింది. గునపం వేస్తే పైకి ఎగిరొచ్చింది. ఆ గట్టి పొర పగలకొట్టడానికే ఇద్దరికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఒక్కడినే అయితే పైపైన తవ్వి మొక్క పెట్టేసి, నీళ్లు నిలిచి వేరు కుళ్లాక బాధపడేవాడిని.

మామిడికి మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు. పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఇంకో పక్క పోశాం. పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాం. మొక్క ఉన్న ప్లాస్టిక్ కవరుని బ్లేడుతో నిలువునా కోస్తే లోపల వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. ఇంకో స్నేహితుడు వాటిని వేలికొసలతో, జడ చిక్కు తీసినట్టు, ఎంత ఓపిగ్గా విప్పాడో! అంటు కట్టిన చోటు మట్టికి నాలుగు వేళ్లు పైనుండేలా నిలబెట్టి, పాది చేసి నీళ్లు పోసి, పక్కన ఊతకర్ర పాతాం. చివర్లో సారవకి, అంటే గోడ పనికి ఎక్కి నిలబడే మంచెకి, వాడిన కర్రలతో చుట్టూ కంచె కట్టారు, రాళ్లూ రద్దూ అటు పడకుండా. తాపీలూ తట్టలూ కడిగిన నీళ్లు అటువైపు పారబోయొద్దని మేస్త్రితో నేను మాట్లాడాను. ఇంటి పని నడుస్తుండగా మొక్కలు పెట్టేవాళ్లు ఈ రెండూ మర్చిపోవద్దు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంటి పని మొదలైనప్పటి నుంచీ స్నేహితుల్ని దూరం పెట్టాను. ఇల్లు దుమ్ము, కూర్చోవడానికి చోటు లేదు, వాళ్లకెందుకు ఇబ్బంది అనుకున్నాను. అది నా పొరపాటు. ఆ రోజు అందరం ఇటుకల మీదే కూర్చున్నాం, ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. సాయం అడగకపోవడం మర్యాద అని మనలో చాలామంది అనుకుంటాం. కానీ ఎప్పుడూ అడగకపోతే, మన ఇంట్లో తమకేం పని అని అవతలివాళ్లు మెల్లగా రావడం మానేస్తారు. నాకు దాదాపు అలాగే అయింది.

ఇప్పుడు నేను ఊళ్లో లేనప్పుడు ఎవరో ఒకరు వచ్చి పాదుల్లో నీళ్లు పోసి వెళ్తున్నారు. మామిడికి అంటు కింద నుంచి వచ్చిన పిలకని చూసి తుంచింది కూడా వాళ్లే. మొన్న జామకి నాలుగు పువ్వులు వచ్చాయి. మొదటి ఏడాది బలం వేళ్లకీ కొమ్మలకీ పోవాలని పొలం తెలిసినవాడు చెప్తే, మనసొప్పకపోయినా తుంచేశాను. వంటగదికి రంగు ఇంకా వేయలేదు. వచ్చే ఆదివారం నిమ్మ మొక్కకి గొయ్యి తవ్వుతున్నాం, నలుగురూ వస్తామన్నారు.