విజేతలకు ఒక విన్నపం

పోటీకి పేరివ్వకుండా, అలాంటి పోటీ ఒకటుందని కూడా తెలియకుండా బహుమతి గెలవడం పూర్వం మహామహులకే సాధ్యం కాలేదు. ఇప్పుడు ఫోన్ ఉంటే చాలు, "మీరు గెలిచారు" అంటూ లింకుతో మెసేజ్ వస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదన్న మాటకు ఇక కాలం చెల్లింది. ముక్కూ మొహం తెలియని సంస్థలు మనకోసం ఖరీదైన ఫోన్లు తీసి పక్కన పెట్టి, పది నిమిషాల్లో వచ్చి పట్టుకుపొమ్మని గడియారం పెట్టి మరీ బతిమాలుతున్నాయి. ఆ గడియారం సున్నాకు చేరాక పేజీ మళ్ళీ తెరిచి చూడండి. పది నిమిషాలూ మళ్ళీ మొదలవుతాయి. కన్నవాళ్ళకు కూడా ఇంత ఓపిక ఉండదు.

అయినా లోకం వీళ్ళను మోసగాళ్ళంటోంది. ఈ అపనిందను ఖండించడం నా కనీస బాధ్యత.

ముందు ఆ పేజీలో అడిగే ప్రశ్నల సంగతి చూద్దాం. "కింది వాటిలో ఎగిరేది ఏది? అ) కాకి ఆ) బండరాయి ఇ) బీరువా." చదవగానే నవ్వొస్తుంది. నవ్వకండి, ఆ కాకి వెనక బోలెడు న్యాయశాస్త్రం ఉంది. డబ్బు కట్టించుకుని, కేవలం అదృష్టం మీద బహుమతి ఇస్తే చాలా దేశాల్లో అది జూదం కింద లెక్క. తెలివిని పరీక్షించామని చూపిస్తే పోటీ కింద లెక్క. కెనడాలో నిజమైన బహుమతి తగిలినవాళ్ళు కూడా అందుకే కూడికలూ హెచ్చవేతలూ ఉన్న ఒక లెక్క చేసి చూపించాలి. మన కాకి కూడా ఆ గౌరవం కోసమే కొమ్మ మీద కూర్చుంది.

కాకిని పట్టుకున్నాక అసలు పరీక్ష వస్తుంది. మొబైల్ నంబర్ అడుగుతారు. నాలుగంకెల పిన్ మెసేజ్‌లో వస్తుంది. బహుమతి ధ్యాసలో ఉన్న మనిషి దాన్ని పేజీలో కొట్టేస్తాడు. ఆ నాలుగంకెలే అతని సంతకం. దేనికి సంతకం పెట్టాడో పేజీ అట్టడుగున, తెల్లని తెర మీద లేత బూడిదరంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంటుంది: ఇది వారం వారం డబ్బు కోసుకునే చందా అని. దాచారని ఎవరూ అనలేరు. భూతద్దం తెచ్చుకోకపోవడం మన నేరం.

ఆ తర్వాత అయిదారు అంకెల పొట్టి నంబర్ నుంచి మెసేజ్‌లు వస్తాయి. వాటికి పంపినవాడు కాదు, అందుకున్నవాడు కడతాడు. మనకు అక్కర్లేని ఉత్తరాలు ఎవరో రాస్తుంటే తపాలా బిళ్ళలు మనం కొన్నట్టు. దీనికి రివర్స్ బిల్లింగ్ అని మర్యాదైన పేరుంది. ఆ డబ్బు ఒక్కరే తినేస్తారనుకుంటే పొరపాటు. ఆ మెసేజ్‌లు తయారుచేసే కంటెంట్ కంపెనీ, మధ్యలో దళారీ సంస్థ, మన ఫోన్ కంపెనీ, ముగ్గురూ పంచుకుంటారు. అమెరికాలో 2014లో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ టీ-మొబైల్ అనే ఫోన్ కంపెనీ మీద కేసు వేసినప్పుడు, జనం అడగని జాతకాలకూ సినీతారల కబుర్లకూ నెలకు 9.99 డాలర్ల చొప్పున బిల్లు వేసి, అందులో 35 నుంచి 40 శాతం ఆ కంపెనీ తీసుకుందని ఆరోపించింది. ఆ ఏడాది చివర్లో కనీసం 9 కోట్ల డాలర్లకు కంపెనీ రాజీ పడింది. పంచుకు తినడం మంచి గుణమని మనమే కదా నేర్పాం?

పేరున్న సంస్థలు నిర్వహిస్తే భయం లేదంటారా? బ్రిటన్‌లో జీఎంటీవీ అనే టీవీ సంస్థ ఏళ్ళ తరబడి ప్రీమియం ఫోన్ లైన్లలో, అంటే మామూలు కాల్ కంటే ఎక్కువ చార్జీ పడే లైన్లలో, పోటీలు పెట్టింది. లైన్లు మూయకముందే విజేతను ఎంచే తుది జాబితా తేలిపోయేది, ఆ తర్వాత కూడా జనం డబ్బు కట్టి ఫోన్లు చేస్తూనే ఉండేవారు. 2007లో అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 20 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. గెలిచే అవకాశమే లేనివాళ్ళకు కూడా ఆశపడే అవకాశం ఇచ్చిన దాతృత్వానికి అదీ సత్కారం.

ఇంతటి సేవను చెడగొట్టే దుర్మార్గులు మన మధ్యే ఉన్నారు. పాఠకులు వాళ్ళ సావాసం పట్టకూడదనే ఉద్దేశంతోనే వాళ్ళ చేష్టలు చెబుతున్నాను. వాళ్ళు ఫోన్ కంపెనీకి చెప్పి ప్రీమియం సేవలు, ఇతర కంపెనీల చార్జీలు ముందే బ్లాక్ చేయించుకుంటారు. బిల్లు వస్తే చివరి మొత్తం మాత్రమే చూసి వదిలేయరు, వరస వరసా చదువుతారు. ప్రీపెయిడ్ అయితే బ్యాలెన్స్ ఎందుకు తగ్గిందని ఆరా తీస్తారు. మెసేజ్‌లోని లింకు నొక్కకుండా, ఆ కంపెనీ సొంత సైట్ పేరు తామే టైప్ చేసి, అక్కడ పోటీ ఉందో లేదో చూస్తారు. టార్చిలైట్ యాప్‌కు మెసేజ్‌లు పంపే అనుమతి దేనికని నిలదీస్తారు. ఈ అనుమానం వాళ్ళకు ఊరికే రాలేదు. మీడియా ప్లేయర్ వేషంలో ఫోన్లోకి దూరి ప్రీమియం నంబర్లకు మెసేజ్‌లు పంపిన ఆండ్రాయిడ్ ట్రోజన్, అంటే మారువేషంలో వచ్చే దొంగ ప్రోగ్రామ్, 2010లోనే దొరికింది.

వాళ్ళలో ముదుర్లు ఇంకొందరు. చందా తగులుకుందని తేలితే ఆ పొట్టి నంబర్‌కే "స్టాప్" అని పంపి, అది ఆగిందో లేదో తర్వాతి బిల్లులో చూసుకుంటారు. ముక్కూ మొహం తెలియని నంబర్ నుంచి వచ్చిన దానికైతే ఆ ఒక్క మాట కూడా పంపరు. పంపితే ఈ నంబర్ వెనక మనిషి ఉన్నాడని మనమే చెప్పినట్టవుతుందట. ఎంత అపనమ్మకం!

అందరిలోకీ క్రూరులు, బహుమతి పంపాలంటే ప్రాసెసింగ్ ఫీజు కట్టాలని అడిగినప్పుడు "ఆ ఫీజు బహుమతిలోంచే కోసుకుని మిగతాది పంపండి" అనేవాళ్ళు. అటువైపు గొంతు పడిపోతుంది. లక్షలు ఇవ్వడానికి సిద్ధపడ్డ మనిషికి కొంచెం కోసుకోవడం మాత్రం చేతకాదు.

ఇవేవీ పాటించని ఉత్తములకు ఒక శుభవార్త. ఒకసారి డబ్బు కట్టిన నంబర్లు జాబితాలకెక్కి చేతులు మారుతుంటాయి. కొన్నాళ్ళకు మరో మెసేజ్ వస్తుంది: "మోసపోయారా? మీ డబ్బు మేం తిరిగి ఇప్పిస్తాం. ఫీజు ముందు కట్టాలి."