బల్లను క్రియ చేసిన ఇంగ్లిషు దొరగారికి

మహారాజశ్రీ ఇంగ్లిషు దొరగారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, కుశలం తమరి వైపే ఉంది.

బల్లను క్రియ చేశారు. చేస్తే చేశారు, లండన్‌లో ఒక అర్థం, అమెరికాలో దానికి తలకిందులు అర్థం ఎందుకు పెట్టారో సెలవివ్వండి. మా లండన్ మేనేజరమ్మ బుధవారం మీటింగులో ఫలానా విషయం 'టేబుల్' చెయ్యమని మెయిల్ పెట్టింది. పదేళ్లు అమెరికా వాళ్లతో పనిచేసినవాణ్ణి, టేబుల్ అంటే ప్రస్తుతానికి పక్కన పెట్టడమేగా? పెట్టేశాను. బావమరిది గృహప్రవేశానికెళ్లి హాయిగా పులిహోర తినొచ్చాను. బుధవారం పదకొండు మంది కెమెరాలు ఆన్ చేసుకుని కూర్చున్నాక ఆవిడ "ఏదీ?" అంది. అక్కడ టేబుల్ చెయ్యడమంటే చర్చకు పెట్టడమట! మూడింటికి మొదలైన నా సంజాయిషీ ఆరింటికి గానీ తెమల్లేదు. ఇన్నాళ్లూ బల్ల గుద్ది చెప్పడమే తెలుసు, బల్ల తిరిగి గుద్దుతుందని తెలీదు.

రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఈ మాట మీదే బ్రిటిష్, అమెరికన్ అధికారులు గట్టిగా వాదులాడుకుని, ఇద్దరూ కోరేది ఒకటేనని చివర్లో గ్రహించారని చర్చిల్ రాశాడు. వాళ్ల గొడవ చరిత్రకెక్కింది. నాది అప్రైజల్‌కెక్కుతుంది.

కేకు మీద పంచదార పొడి చల్లినా 'డస్ట్', అల్మారా మీద దుమ్ము దులిపినా 'డస్ట్'. గింజ నాటినా 'సీడ్', పండులోంచి గింజ తీసినా 'సీడ్'. ఇక 'దీన్ని యాక్షన్ చెయ్యండి' అని వచ్చే మెయిళ్లు! మా దగ్గర యాక్షన్ చెయ్యడమంటే నటించడం. ఆఫీసులో నేను చేస్తున్నదీ అదే.

1789లోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్, 'నోటీస్', 'అడ్వొకేట్', 'ప్రోగ్రెస్' క్రియలైపోతున్నాయని, తర్వాత అమెరికా ఇంగ్లిషుకి నిఘంటువు రాసిన నోవా వెబ్‌స్టర్‌కి ఉత్తరం రాసి మొత్తుకున్నాడు. విన్నావా? ఆ పెద్దమనిషి మాటే విననివాడివి, నా మాట వింటావా? మేమూ పేర్లను క్రియలు చేస్తాం. కానీ ప్రేమకైనా, గౌరవానికైనా చివర ఓ 'ఇంచు' తగిలిస్తాం. ఆ ఇంచు ఖర్చు పెట్టడానికి కూడా నీకు చేతులు రావు, పిసినారీ! బల్లను బల్లలాగే వదిలేసి, అర్థం మమ్మల్ని వెతుక్కోమంటావు.

నిన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "గోంగూర పచ్చడిలో ఉప్పెక్కువైందిరా, ఏం చెయ్యాలో కాస్త గూగులించి చెప్పు" అంది.

ఇంచు పెట్టి మరీ అంది. నవ్వుకుంటూ గూగులించాను.

ఇట్లు,
బల్ల దెబ్బ తిన్నవాడు